సీసామీది రాతకు పేరేది? పాత సీసాలు, జాడీల పరిభాషపై ఒక వాదం

సికింద్రాబాద్‌లో ఒక పాత బంగళాను పడగొట్టినచోట నాకొక మట్టిగొట్టం ముక్క దొరికింది. గోధుమరంగులో నిగనిగలాడుతూ, రాయిలా గట్టిగా ఉన్న ముక్క. దానిమీద ఇంగ్లీషు అక్షరాలలో రెండు పేర్లు చదవగలిగాను: ఒకటి బర్న్, రెండవది రాణీగంజ్. నా నోటుపుస్తకంలో ‘రాణీగంజ్ కంపెనీ ముద్ర’ అని రాసుకున్నాను. సికింద్రాబాద్‌లో ఉండేవారికి రాణీగంజ్ ఎక్కడుందో ఒకరు చెప్పనక్కరలేదు కదా! ఆ బజారులో బర్న్ అనే కంపెనీ ఎప్పుడుండేదని కొన్ని వారాలపాటు పాత దుకాణదారులను అడుగుతూ తిరిగాను. చివరికి తెలిసిందేమంటే, అది బెంగాలులోని బొగ్గుగనుల ఊరు రాణీగంజ్. హౌరాలో ఇంజనీరింగు పనులు చేసిన బర్న్ కంపెనీ అక్కడ మట్టిసామాను కర్మాగారం నడిపింది. మన రాణీగంజ్‌కూ ఆ గొట్టానికీ పేరు కలవడం తప్ప వేరే సంబంధం లేదు.

ఈ పొరపాటుకు నా అజ్ఞానం ఒక కారణం. దానిని దాచుకోను. కాని నా చేతిలో ఉన్న మాట రెండవ కారణం. ‘ముద్ర’ అనే ఒక్క మాటతో నేను ఆ రాతను ముగించాను. ఆ అక్షరాలు పచ్చిమట్టిలో నొక్కినవని గమనించి, ఆ సంగతి చెప్పే మాటను అక్కడ రాసి ఉంటే, తరువాతి ప్రశ్న దానంతటదే వచ్చేది. పచ్చిమట్టిలో నొక్కారంటే కాల్చకముందు నొక్కారు. అంటే ఆ రాత ఆవం ఉన్నచోటే పడింది. ఇనుపసామాను అమ్మే బజారులో అంత పెద్ద ఆవం ఎక్కడిది? మాట సరిగా ఉంటే తప్పు దారి మొదటి అడుగులోనే మూసుకుపోయేది.

ఈ అనుభవం నుంచే ఈ వ్యాసంలోని వాదం పుట్టింది. పాత గాజుసీసాలమీద, రాతిపింగాణీ జాడీలమీద ఉన్న గుర్తులను వర్ణించడానికి తెలుగులో నిలకడైన పరిభాష లేదు. ఉన్నదనుకుంటున్న ‘ముద్ర’ పరిభాష కాదు, పరిభాష లేదన్న సంగతిని కప్పిపెట్టే ముసుగు. ఈ లోటును సంస్కృత సమాసాలు తీర్చలేవు, సేకర్తల ఇంగ్లీషు మాటలను తెలుగు లిపిలో రాసుకోవడమూ తీర్చలేదు. ఆ పని తెలుగు శాఖలు తలకెత్తుకోవలసిందే.

1. ఇది మన పనేనా?

ఒక సదస్సులో ఈ విషయం ప్రస్తావించినప్పుడు, ఇది పురావస్తు శాఖవారి పని, సాహిత్య విద్యార్థికి సీసాలతో ఏమిటని అడిగారు. ప్రశ్న న్యాయమైనదే. జవాబు మాత్రం మన విభాగాల పాఠ్యప్రణాళికలోనే ఉంది.

తెలుగు లిపి పరిణామం చెప్పేటప్పుడు మనం భట్టిప్రోలుతో మొదలుపెడతాం. 1892లో అలెగ్జాండర్ రే తవ్వించగా బయటపడిన ఆ రాతలు ఏ కొండమీదివీ కావు, ఏ స్తంభంమీదివీ కావు. ధాతువులను భద్రపరచిన రాతి కరండాలమీదివి. అంటే మన లిపి చరిత్ర పాఠం మొదలయ్యేదే పాత్రమీది రాతతో. రెండువేల ఏళ్ళకు పైబడిన పాత్రమీది రాత మన పని అయినప్పుడు, నూరేళ్ళనాటి పాత్రమీది రాత మన పని కాకుండా ఎలా పోతుంది? ప్రాచీనతను బట్టి విలువ కట్టడం పురావస్తు వ్యాపారి లక్షణం, పరిశోధకుడి లక్షణం కాదు.

సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ను కావ్యాలలోని వస్తువుల పేర్లను పట్టుకునే నిర్మించారు. ఆ దారిలో ఆయనకు అడ్డుపడినవి నిఘంటువుల అర్థాలే. ‘క్రీడావిశేషము’, ‘భక్ష్యవిశేషము’ అని రాసి ఊరుకున్న చోటల్లా ఒక ఆట, ఒక తిండి మనకు శాశ్వతంగా దూరమయ్యాయి. ‘ముద్ర’ అని రాసి ఊరుకునే మన అలవాటు ఆ ‘విశేషము’కు తోబుట్టువే. రేపటి పరిశోధకుడు మనమీద అదే ఫిర్యాదు చేస్తాడు.

భాషాశాస్త్రం వైపునుంచి చూసినా దారి వేసి ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం 1962లో, చేనేత సంపుటం 1971లో వెలువడ్డాయి. రైతు నాగలి భాగాలకు, నేతగాడు మగ్గం భాగాలకు వాడే మాటలను ఊరూరా తిరిగి సేకరించడం భాషాశాస్త్ర పరిశోధనేనని ఆ సంపుటాలు నిరూపించాయి. సోడా చేసేవాడు, పాతసామాన్లు కొనేవాడు, జాడీలు అమ్మేవాడు కూడా వృత్తి ఉన్నవారే. వారి మాటలు నగరానివి అన్న కారణంతో వదిలేశాం.

2. ఒక్క ‘ముద్ర’ వెనుక ఎన్ని రాతలు

సీసామీద, జాడీమీద అక్షరం పడే రీతులు కనీసం ఐదున్నాయి. వాటికి నేను ప్రతిపాదించే పేర్లను వివరిస్తూ ముందుకు సాగుతాను. చేతిరాత, గోడరాత, తలరాత వంటి సమాసాలు మనకు ఉన్నాయి కనుక ‘రాత’నే ఉత్తరపదంగా తీసుకున్నాను.

మొదటిది ఉబ్బురాత. అచ్చులో అక్షరాలను లోతుగా చెక్కి, ఆ అచ్చులోకి గాజును ఊదితే సీసామీద అక్షరాలు ఉబ్బెత్తుగా తేలుతాయి. అచ్చు చెక్కేవాడు అక్షరాలను తిరగేసి చెక్కాలి. అతడు పరాకుపడినప్పుడు సీసామీద అక్షరం అద్దంలో చూసినట్లు తిరగబడి కనిపిస్తుంది. తాళపత్రాలను పరిష్కరించేవారికి లేఖకదోషం ఎంత విలువైన ఆధారమో తెలుసు. రెండు ప్రతులలో ఒకే దోషం ఉంటే వాటి మాతృక ఒకటని ఊహిస్తాం. ఒకే తిరగబడిన అక్షరం ఉన్న రెండు సీసాలు ఒకే అచ్చువని చెప్పడం అదే న్యాయం. ఇంతకన్నా సాహిత్య విద్యార్థికి దగ్గరి పని ఏముంటుంది?

ప్రతి చిన్న వర్తకుడూ తన పేరుతో అచ్చు చేయించుకోలేడు. అందుకని అచ్చులో ఒక పలక పట్టేంత చోటు వదిలి, ఎవరు అడిగితే వారి పేరున్న పలకను అందులో బిగించేవారు. అలాంటి సీసాలమీద పేరు చుట్టూ సన్నని గీత గుండ్రంగానో కోలగానో కనిపిస్తుంది. దీనిని పలకగీత అందాం. ఆ గీత కనిపిస్తే ఆ వర్తకుడు సొంత అచ్చు కాక పలక మాత్రమే చేయించుకున్నాడని చెప్పవచ్చు. ఒక గీత ఒక వ్యాపారం తాహతును చెబుతున్నది.

రెండవది నొక్కురాత. పచ్చిమట్టిలో దిమ్మెతో నొక్కినది, నా రాణీగంజ్ ముక్కమీద ఉన్నది ఇదే. మూడవది గీరురాత. మొనతో గీసినది. ఇందులో మళ్ళీ కాల్చకముందు గీరినదా, కాల్చిన తరువాత గీరినదా అన్న భేదం ముఖ్యం. మొదటిది కుమ్మరి గీసినది, రెండవది చాలావరకు వస్తువు వాడుకున్నవారు గీసుకున్నది. నాలుగవది దింపురాత. చెక్కిన రాగిరేకునుంచి పల్చని కాగితంమీదికి, ఆ కాగితంనుంచి పాత్రమీదికి అక్షరాలనూ బొమ్మలనూ దింపి, పైన మెరుగు పూసి కాలుస్తారు. ‘బొమ్మ దింపడం’ మన ఇళ్ళలో ముగ్గులకూ కుట్టుపనికీ వాడే మాటే. ఐదవది చీటీ, అంటే అంటించిన కాగితం. ఇది అన్నిటికన్నా ఎక్కువ చెబుతుంది, అన్నిటికన్నా ముందు పోతుంది.

ఈ ఐదింటినీ ‘ముద్ర’ అంటే వచ్చే నష్టం చెప్పాను. ఇక రెండవ నష్టం: రాసినదెలా అన్న ప్రశ్న పోగానే, రాసినదెవరి పేరు అన్న ప్రశ్న కూడా పోతుంది.

పాత కచేరీలకు ఇంగ్లండునుంచి సిరా తెచ్చిన రాతిపింగాణీ సీసాలు మన దేశంలో ఇప్పటికీ దొరుకుతాయి. వాటిలో బాగా తెలిసినవాటి అడుగుభాగాన ఒకే నొక్కురాతలో రెండు పేర్లు ఉంటాయి. ఒకటి డెర్బీ దగ్గర డెన్బీలో సీసాలు చేసిన జె. బోర్న్ అండ్ సన్. రెండవది లండన్‌లో సిరా చేసిన పి. అండ్ జె. ఆర్నాల్డ్. ఒకరు సీసా చేసినవారు, ఇంకొకరు చేయించుకున్నవారు. ‘కంపెనీ ముద్ర: బోర్న్’ అని రాసుకున్నవాడికి సిరా ఎవరిదో తెలియదు. ‘ఆర్నాల్డ్’ అని రాసుకున్నవాడికి మట్టి ఎవరిదో తెలియదు.

గోలీసోడా సీసాల సంగతీ ఇంతే. గోలీతో మూతపడే ఈ సీసాకు హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు 1872లో పేటెంటు పొందాడు. ఆ సీసాలను పెద్దయెత్తున చేసిన ఊళ్ళలో యార్క్‌షైర్‌లోని బార్న్‌స్లీ ఒకటి. అక్కడి రైలాండ్స్ సీసాలమీద ఆ పేరూ ఆ ఊరూ ఉబ్బురాతలో కనిపిస్తాయి. పొట్టమీద పెద్ద అక్షరాలలో ఉండే పేరు సాధారణంగా సోడా వర్తకుడిది. చిన్న అక్షరాలలో అడుగునో వెనుకవైపునో ఉండేది గాజు కర్మాగారానిది. రెండూ ఉబ్బురాతలే కనుక ఇక్కడ రీతి ఒక్కటే చాలదు, చోటు కూడా చెప్పాలి. పైగా సోడాసీసా కొన్నవాడి సొత్తు కాదు, తాగి తిరిగి ఇచ్చేయాలి. వర్తకుడు పేరు వేయించుకున్నది ముఖ్యంగా తన సీసాను తాను గుర్తుపట్టడానికే. అందుచేత ఆ పేరును ‘తయారీదారు’ అనడం తప్పు, ‘సొంతదారు’ అనడం ఒప్పు.

ఈ వివేకం మనకు కొత్త కాదు. శాసనం చదివేటప్పుడు వేయించిన రాజు, రచించిన కవి, రాసిన లేఖకుడు, చెక్కిన శిల్పి వేరువేరని గుర్తిస్తాం. శాసనం చివర ఉన్న శిల్పి పేరు చూసి అతడే దానం చేశాడని రాసిన విద్యార్థికి ఉత్తీర్ణత ఇవ్వం. సీసా దగ్గరికి వచ్చేసరికి ఆ జాగ్రత్త ఎందుకు వదులుతున్నాం?

3. సంస్కృత సమాసం వైపు వాదం

శాస్త్రపరిభాషకు సంస్కృతమే ఆధారమని, అప్పుడే ఇతర భారతీయ భాషలతో పొందిక ఉంటుందని ఒక వాదం ఉంది. దీనిని తేలికగా కొట్టివేయలేం. లిపి, శాసనం, ఫలకం సంస్కృత పదాలే. వాటిని వదులుకోవాలని ఎవరూ అనరు, నేనూ అనను. భావం స్థాయిలో ఉన్న మాటలకు సంస్కృతం ఇచ్చిన సౌలభ్యం నిజం.

కాని చేతిపనికి పేరు పెట్టేటప్పుడు ఆ సౌలభ్యం ఎదురు తిరుగుతుంది. గాజుసీసా మూతిని తీర్చేటప్పుడు అడుగున ఇనుపకడ్డీ అంటించి పట్టుకునేవారు. కడ్డీ విరిచాక అక్కడ గరుకైన మచ్చ మిగులుతుంది. దీనిని ‘దండవియోగచిహ్నం’ అని ఒకరు కల్పించారనుకుందాం. వ్యాకరణ దోషం లేదు. అయితే ఆ సీసాను రోజూ చేతితో తడిమే పాతసామాన్ల వర్తకుడికి అది చేరదు, అతడు చెప్పగలిగినది మనకు చేరదు. ‘కడ్డీమచ్చ’ అంటే అతడు వెంటనే సీసా తిరగేసి చూపిస్తాడు. పరిభాష పండితుల మధ్య ఒప్పందం మాత్రమే కాదు, వస్తువు తెలిసినవాడికీ అక్షరం తెలిసినవాడికీ మధ్య వంతెన కూడా. రెండవ ఒడ్డు అందని వంతెన వల్ల ఎవరికి ప్రయోజనం?

చిన్నయసూరి బాలవ్యాకరణం వచ్చిన 1858నాటికే మనకు తత్సమ, తద్భవ, దేశ్య, గ్రామ్య విభాగం స్థిరపడింది. సీసా పారసీకంనుంచి వచ్చింది, సోడా ఇంగ్లీషునుంచి వచ్చింది, గోలీ హిందుస్తానీనుంచి వచ్చింది. మూడింటినీ కలిపి వాడేవాడు బజారు మనిషి. అన్యదేశ్యం, గ్రామ్యం రెండూ ఒకేచోట చేరాయి కనుక ఈ మాటలు రెండుసార్లు గుమ్మం బయట నిలబడ్డాయి. అంతకు ముందే, 1854లో, బ్రౌన్ మిశ్రభాషా నిఘంటువును విడిగా అచ్చువేశాడు. అలాంటి మాటలు లేకుండా కచేరీ తెలుగు అర్థం కాదని ఒక విదేశీ ఉద్యోగి గ్రహించాడు. ఆ గ్రహింపు మన పరిభాషా రచనలోకి ఇంకా పూర్తిగా రాలేదు.

4. ఇంగ్లీషు మాటలే చాలునన్న వాదం

రెండవ పక్షంవారు, సేకర్తలు ప్రపంచమంతటా ఇంగ్లీషు మాటలే వాడుతున్నారు గనుక వాటినే తెలుగు లిపిలో రాసుకుంటే సరిపోతుందంటారు. పేర్లకు ఇది సరిపోతుంది, వర్ణనకు సరిపోదు. ‘పాంటిల్ స్కార్’ అని తెలుగు లిపిలో రాస్తే చదివేవాడికి శబ్దం అందుతుంది తప్ప సీసా అడుగున ఏమి చూడాలో అందదు.

అంతకన్నా ముఖ్యమైన సంగతి, ఆ మాటలు శాస్త్రజ్ఞులు నిర్వచించి పెట్టినవి కావు. సేకర్తలు సంతలలో, వేలాలలో అలవాటుగా వాడుకున్నవి. సేకర్తల శ్రమను తక్కువ చేయను. చాలాచోట్ల విశ్వవిద్యాలయాలకన్నా వారే వస్తువులను కాపాడారు. కాని అమ్మకానికి అనుకూలించే మాట పరిశోధనకు అనుకూలించాలని లేదు. రాతిపింగాణీ సీసా కనబడితే చాలు దానిని ‘జింజర్ బీర్’ సీసా అనే అలవాటు అలాంటిదే. లోపల ఏముండేదో రాతే చెప్పాలి, ఆకారం చెప్పదు. బ్రిటిష్ వస్తువులమీద ‘ఆర్.డి. నంబరు’ కనిపిస్తే దానిని తయారైన ఏడాదిగా చెప్పి అమ్మడం ఇంకొకటి. 1884నుంచి వేసిన ఆ సంఖ్య నమూనా నమోదు సంఖ్య. నమోదైన ఏడాదికి ముందు ఆ వస్తువు తయారై ఉండదని అది చెబుతుంది, ఎప్పుడు తయారైందో చెప్పదు. అరువు తెచ్చుకున్న మాటతోపాటు దాని పొరపాటునూ అరువు తెచ్చుకుంటాం.

మన మాటే మెరుగ్గా ఉన్న చోట్లూ ఉన్నాయి. సేకర్తలు ‘కాడ్ బాటిల్’ అంటారు. అది పేటెంటుదారు పేరు మాత్రమే చెబుతుంది. మనం గోలీసోడా అంటాం. మూత ఎలా పడుతుందో ఆ మాటలోనే ఉంది: లోపలి వాయువు గోలీని పైకి తోసి మూతిలోని రబ్బరు వలయానికి అదిమిపెడుతుంది. ‘సోడా కొట్టడం’ అన్న క్రియలో తెరిచే పద్ధతి ఉంది. దళసరి అద్దాలను ‘సోడాబుడ్డి కళ్ళద్దాలు’ అనడంలో ఆ ఒత్తిడికి తట్టుకోవలసిన గాజు మందం ఉంది. సీసా శరీరానికి మూతి, మెడ, భుజం, పొట్ట, అడుగు అన్న మాటలు మనకు కుండనుంచే సిద్ధంగా ఉన్నాయి. జాడీ మూతికి గుడ్డ కట్టడాన్ని వాసెన కట్టడమంటాం. ఆ తాడు జారకుండా జాడీ మెడ ఎందుకు లోపలికి తీర్చారో వివరించడానికి ఇంకొక భాష అవసరం లేదు.

ఇంత చెప్పాక మన మాటల లోపం కూడా ఒప్పుకోవాలి. ‘పింగాణీ’ అన్న మాట పల్చని పింగాణీ కప్పునూ ఆవకాయ జాడీనీ కలిపేస్తుంది. మొదటిదాన్ని దీపానికి ఎదురుగా పట్టుకుంటే వెలుగు తెలుస్తుంది, రెండవదానిలోంచి వెలుగు రాదు. మట్టి వేరు, కాల్చే తీరు వేరు. అందుకే ఈ వ్యాసంలో రెండవదానిని రాతిపింగాణీ అన్నాను. అలాగే మండుతున్న ఆవంలోకి ఉప్పు చల్లితే, ఆ ఆవిరి మట్టిలోని ఇసుకతో కలిసి నారింజతొక్కలాంటి మెరుపు నిస్తుంది. దానిని ఉప్పుమెరుగు అనాలి. పైన పూసి కాల్చినదాన్ని పూతమెరుగు అనాలి. వాడుకభాష అన్నీ సిద్ధం చేసి పెట్టిందని నేననడం లేదు. కొత్త మాట కావలసి వచ్చినప్పుడు దానిని వాడుకలోని ధాతువులతో కట్టాలని మాత్రమే అంటున్నాను.

5. చేయవలసిన పని

ఒక ఆక్షేపణకు ముందే జవాబు చెప్పాలి. ఉబ్బురాత, నొక్కురాత, దింపురాత కూడా నేను కల్పించినవే కదా, జనం మాటలెలా అవుతాయి? నిజమే. ఉబ్బు, నొక్కు, గీరు, దింపు జనానివి, సమాసాలు నావి. అందుకే వాటిని తీర్పుగా కాక పరీక్షకు పెడుతున్నాను. పరీక్ష జరగవలసిన చోటు సంపాదకవర్గ సమావేశం కాదు. మోండా మార్కెట్ చుట్టుపక్కల జాడీలు అమ్మే దుకాణాలు, జుమ్మేరాత్ బజారులో పాతసామాను పరచుకునే వర్తకులు, ఇంకా గోలీసోడా చేస్తున్న కుటుంబాలు. వారు ఇంతకన్నా మంచి మాట వాడుతుంటే నా మాటను కొట్టివేయాలి. నాకు అభ్యంతరం లేదు.

పరిశోధకులు ఇప్పటినుంచే పాటించగలిగిన నియమం ఒకటుంది. ఏ సీసాను, జాడీని వర్ణించినా మూడు సంగతులు వేరువేరుగా రాయాలి. రాత రీతి: ఉబ్బురాతా, నొక్కురాతా, గీరురాతా, దింపురాతా, చీటీయా. రాత చోటు: మెడమీదా, భుజంమీదా, పొట్టమీదా, అడుగునా. పేరు ఎవరిది: చేసినవారిదా, సొంతదారుదా, అమ్మినవారిదా. మూడవదానికి జవాబు తెలియకపోతే ఖాళీగా వదలాలి. మొదటి రెండూ కంటితో చూసి రాసేవి, మూడవది వాదించి నిరూపించేది. ఈ రెండు స్థాయిలనూ ‘ముద్ర’ కలిపేసింది, విడదీయడమే పరిభాష పని. అక్షరాలను కూడా ఉన్నవి ఉన్నట్లే ఎత్తి రాయాలి. తిరగబడిన అక్షరాన్ని సవరించి రాసినవాడు ఆధారాన్ని చెరిపినవాడే.

1806లో సికిందర్ జా పేరుతో వెలసిన ఈ ఊరు దండు ఊరు. దండుతోపాటు సీసా వచ్చింది, సోడా వచ్చింది, వాటిమీద ఇంగ్లీషు రాత వచ్చింది. అవన్నీ వచ్చిన తరువాత వాటికి పేరు పెట్టుకున్నది ఇక్కడి జనం. ఆ వస్తువులు ఇప్పుడు గాజుపెంకుల బస్తాలలో కరిగించడానికి పోతున్నాయి. గోలీకోసం పిల్లలు పగలగొట్టినవి పోగా మిగిలినవి అలంకరణకోసం దూరప్రాంతాలకు అమ్ముడవుతున్నాయి. వస్తువు పోయినా వర్ణన మిగిలితే కొంత నయం. ఆ వర్ణనలో ‘రాణీగంజ్ కంపెనీ ముద్ర’ అని ఉంటే వస్తువు ఒకసారి, దాని చరిత్ర ఇంకొకసారి పోయినట్లు. నా నోటుపుస్తకంలో ఆ వాక్యాన్ని కొట్టివేసి ‘నొక్కురాత, గొట్టం వెలుపల, చేసినవారి పేరు’ అని రాసుకున్నాను. అది ఒక నోటుపుస్తకంలోని దిద్దుబాటు. మన పదకోశాలలో, సిద్ధాంతగ్రంథాలలో జరగవలసిన దిద్దుబాటు తెలుగు శాఖల చేతిలో ఉంది.